దీవికి అమ్మగారు కావాలట

ఫోను వచ్చింది నాకు. ఆనందపడింది మా ఆయన. తిరకాసంతా అక్కడే మొదలైంది.

ఆ రోజు నాకు షిఫ్టు లేదు. కెనడాలోని హామిల్టన్‌లో మా అపార్ట్‌మెంట్ వంటింట్లో చపాతీ పిండి కలుపుతుంటే వాట్సాప్ మోగింది. అండమాన్ నుంచి మా పాత సంఘ పెద్ద. చేతుల నిండా పిండి, అందుకని చిటికెన వేలితో నొక్కి స్పీకర్లో పెట్టాను. వందనాలు అయ్యాయి, వానల సంగతి అయింది, చేపల రేట్లు అయ్యాయి. అప్పుడన్నారాయన, "దీవికి తిరిగొచ్చీండమ్మగారూ. సంగమంతా ఇదే మాట మీదున్నాం" అని.

మా ఆయన అప్పుడే స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చారు. ఆ ఒక్క మాటే విన్నారు. తువ్వాలు కుర్చీ మీద పడేసి గదిలోకి వెళ్లి మోకరించారు. "స్తోత్రం ప్రభువా, స్తోత్రం" అంటూ ఏడుస్తున్న గొంతు గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంది. ఇటు ఫోనులో పెద్దాయన మిగతా మాట చెబుతున్నారు.

"మాకు అయ్యగారున్నారు. మంచి కుర్రోడు, వాక్యం బాగా చెప్తాడు. అమ్మగారే లేరు. మీరొస్తే చాలు."

గబగబా స్పీకర్ ఆపేశాను. ఫోనంతా పిండి.

మా సంఘాల సంగతి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. పాస్టరుని అయ్యగారు అంటారు, ఆయన భార్యని అమ్మగారు అంటారు. అయ్యగారికి ఎంతో కొంత జీతం ఉంటుంది, కుర్చీ ఉంటుంది, మైకు ఉంటుంది. అమ్మగారికి పని ఉంటుంది. పురుళ్ల దగ్గర కూర్చోవాలి, అత్తాకోడళ్ల తగువులు తీర్చాలి, ఆడమనిషి చనిపోతే స్నానం చేయించి చీర కట్టాలి. ఇప్పుడు దీవికి వచ్చిన కొత్త అయ్యగారికి పెళ్లి కాలేదు. మగవాళ్లు వేటకి సముద్రం మీదకి పోయినప్పుడు ఆ ఇళ్లలోకి పెళ్లికాని కుర్రవాడు అడుగు పెట్టకూడదు. పాపం ఆ అబ్బాయి వానలో గొడుగేసుకుని వాకిట్లో నిలబడి ప్రార్థన చేస్తున్నాడట. లోపల జ్వరంతో పడుకున్న ఆవిడ మంచం మీంచే ఆమెన్ అంటోందట. వాన చప్పుడుకి ఆయన ప్రార్థన ఈవిడకీ, ఈవిడ ఆమెన్ ఆయనకీ వినపడవు.

"ఎన్నాళ్లని ఇలాగ? ఆ కుర్రోడికి పెళ్లయ్యీదాకా అయినా మీరొచ్చి ఉండండి" అన్నారు పెద్దాయన.

"మరి మా అయ్యగారో?" అన్నాను గొంతు తగ్గించి.

"ఆయనొస్తే మాకు సంతోషమే కదమ్మా. కానైతే పుల్పిట్టు ఎక్కి వాక్యం చెప్పీది ఈ కుర్రోడే. ఒక సంగానికి ఇద్దరు అయ్యగార్లు ఎలాగ?" అన్నారు. అని, మాట మార్చడానికి కాబోలు, "అయ్యగారి ఆరోగ్యం బాగుందా?" అని అడిగారు.

ఫోను పెట్టేసరికి మా ఆయన గదిలోంచి వచ్చారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. "నేను చెప్పలేదూ, వాళ్లు మనల్ని మర్చిపోరని!" అన్నారు. ఆ మొహం చూశాక వెళ్లి పొయ్యి మీద పెనం పెట్టాను. చపాతీలు చేశాను. ఆ రోజు ఆయన ఎప్పటికంటే ఎక్కువే తిన్నారు.

ఆయనకి ఆ దీవంటే ఎంత పిచ్చో చెప్పకపోతే నా ఇరకాటం అర్థం కాదు. పెళ్లైన కొత్తలో ఆయన్ని పాస్టరుగా పంపితే అక్కడికి వెళ్లాం. మా అమ్మాయి అక్కడే పుట్టింది. శ్రీకాకుళం వైపు నుంచి, విశాఖ వైపు నుంచి వేటకని వెళ్లి అక్కడే ఉండిపోయిన కుటుంబాలది ఆ సంఘం. చర్చి వెనకే సముద్రం. షిప్పు కూత వినపడితే ఆయన ప్రసంగాన్ని ఉన్నపళంగా ముగించేవారు, ఎందుకంటే ఉల్లిపాయలు దిగేది ఆ షిప్పులోనే, ఆలస్యంగా పోతే తొక్కలే మిగులుతాయి. ఆడవాళ్లు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవారు. ఆదివారం ఆ పిడికిళ్లన్నీ ఒకచోట కలిపి మా ఇంటికి పంపేవారు. మేం తిన్నది ఆ అన్నమే. ఒక్కో ఇంటిది ఒక్కో రకం బియ్యం కదా, గిన్నెలో సగం మెత్తగా, సగం పలుకుగా ఉడికేది. ఇంత రుచి ఎక్కడా లేదని మా ఆయన మెచ్చుకుంటూ తినేవారు. వండేది నేను కాబట్టి నాకు అంత రుచి తెలిసేది కాదు.

తర్వాత ఆయనకి ఇక్కడ బైబిల్ కాలేజీలో సీటు వచ్చింది, నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. చదువైతే అయింది గానీ ఆయన కోసం కాచుకుని కూర్చున్న సంఘం ఇక్కడ ఏదీ లేదు. నర్సింగ్ హోమ్‌లో నా ఉద్యోగం మీదే మాకు ఇక్కడే స్థిరపడేందుకు పీఆర్ వచ్చింది. ఆయన వేర్‌హౌస్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతారు. ఇక్కడ మన తెలుగువాళ్లం ఒక చర్చి బేస్‌మెంట్ అద్దెకి తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటాం. అందులో ప్రసంగం వంతుల వారీగా. ఆయన వంతు వచ్చిన వారం మా ఇంట్లో సూటు శుక్రవారానికే ఇస్త్రీ అయిపోతుంది. మిగతా వారాల్లో ఆయన కుర్చీలు సర్దుతారు, మైకు టెస్ట్ చేస్తారు, ఒకసారికి బదులు నాలుగుసార్లు. అది చూస్తే నాకు ఎక్కడ లేని జాలీ, కోపమూ కలిసే వస్తాయి.

ఇక నా సంగతి నాకే తెలియదు. నర్సింగ్ హోమ్‌లో ముసలావిడకి స్నానం చేయించి, వీపు తుడిచి, తల దువ్వి కూర్చోబెడతాను. దీవిలోనూ ఇదే చేశాను. అక్కడ దాన్ని సేవ అన్నారు, ఇక్కడ షిఫ్టు అంటున్నారు. ఎక్కడ మనసు పెట్టి చేశానంటే చెప్పలేను. పోనీ దీవి మీద నాకు ప్రేమ లేదా అంటే ఉంది. వానకి తడిసిన కొబ్బరి మట్టల వాసన తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు మూసుకుని గాలి పీలుస్తాను. పరుపు కిందనుంచి వచ్చే కాళ్లజెర్రిని తలుచుకుంటే ఇప్పటికీ కాళ్లు పైకి లాక్కుంటాను. ఇన్నేళ్లూ అందరూ అయ్యగారి భార్యనని నన్ను పిలిచారనుకున్నాను. ఇప్పుడు అయ్యగారు అక్కర్లేదు, నువ్వు రా అంటున్నారు. పొంగిపోవాలా, ఆయన తరఫున కోపం తెచ్చుకోవాలా? రెండూ చేశాను, వంతులవారీగా, బస్సులో కూర్చుని.

ఈలోగా ఆయన ఊరుకుంటారా! ఆ తర్వాతి ఆదివారం దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డారు. "దేవుడు మమ్మల్ని మళ్లీ దీవికి పిలుస్తున్నాడు. ఆయన చిత్తం తెలిసేలా అందరూ ప్రార్థించండి" అన్నారు. మా వాళ్లలో దేవుని చిత్తం కోసం ప్రార్థించమని ఎవరైనా లేచి అడిగారంటే టికెట్ బుక్ అయిపోయినట్టే. ఇల్లు కొనేవాళ్లు సంతకాలు పెట్టాక అడుగుతారు. పెళ్లి చేసేవాళ్లు హాలు మాట్లాడుకున్నాక అడుగుతారు. కాబట్టి మా విషయంలో ఎవరూ ప్రార్థించలేదు. వీడ్కోలు సభ ఏర్పాటు చేశారు.

అల్యూమినియం ట్రేలలో బిర్యానీ, కేకు మీద పడవ బొమ్మ, మా ఇద్దరికీ శాలువాలు. ఎప్పుడూ వెనక వరసలో కూర్చునే ఒకాయన మైకు అందుకుని, "అన్నయ్యగారూ, మేమంతా డాలర్ల వెనక పడ్డాం, మీరొక్కరే పిలుపు విన్నారు" అంటూ కళ్లు తుడుచుకున్నారు. ఒక అమ్మాయి నా చెయ్యి పట్టుకుని, "మీరు ధన్యులక్కా. ఈ ఈఎంఐలు వదిలి మేమెక్కడికి కదలగలం?" అంది. నేను నవ్వాను. మా ఆయన ఆ ఊపులో తన శీతాకాలం కోటు ఎవరో స్టూడెంట్‌కి ఇచ్చేశారు. ఆ మర్నాడే మంచు కురిసింది. రెండు స్వెటర్లు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, "అక్కడ ఈ బాధ ఉండదు" అంటూ డ్యూటీకి బయల్దేరారు.

ఇంక దాచలేక ముందు మా అమ్మాయికి చెప్పాను. అది మక్‌మాస్టర్ యూనివర్సిటీలో చదువుతోంది, ఇంట్లోంచే వెళ్లొస్తుంది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తుంది.

"సో దే వాంట్ యూ? నాట్ డాడ్?"

"మెల్లగా మాట్లాడవే."

"మమ్, యూ హావ్ టు టెల్ హిమ్." ఫోను పక్కన పెట్టి, "డూ యూ వాంట్ టు గో?" అంది.

అన్నేళ్లలో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. దీవికి వెళ్లేటప్పుడూ అడగలేదు, దీవి వదిలేటప్పుడూ అడగలేదు. "ముందు నీ గది సర్దుకో" అన్నాను.

శనివారం మధ్యాహ్నం ఇద్దరమే భోజనానికి కూర్చున్నాం. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. ఆయన ఫోను పళ్లెం పక్కన పెట్టుకుని ఉత్సాహంగా అన్నారు, "తినేసి పెద్దాయనకి ఫోన్ చేద్దాం. తేదీ చెప్పేస్తాను. మొదటి ఆదివారం ఏం ప్రసంగించాలో కూడా అనుకున్నాను."

"వద్దండి" అన్నాను.

"ఏం?"

చెప్పేశాను. కుర్ర అయ్యగారి సంగతి, గొడుగు సంగతి, పుల్పిట్టు సంగతి. మెత్తగా చెప్పాలని ఎన్నో రకాలుగా అనుకున్నాను గానీ, నోరు తెరిచాక అన్నీ ఉన్నవి ఉన్నట్టే వచ్చేశాయి.

ఆయన బెండకాయ ముక్కల్ని పళ్లెంలో ఒక వైపుకి జరిపారు. "నా మాటే ఎత్తలేదా?" అన్నారు.

"ఎత్తారు. ఆరోగ్యం బాగుందా అని అడిగారు."

తలూపారు. కిటికీలోంచి స్టీలు ఫ్యాక్టరీ పొగగొట్టాల వైపు చూస్తూ కూర్చున్నారు. అరుస్తారేమో అనుకున్నాను, అరిస్తే బాగుండు అని కూడా అనుకున్నాను. భోజనం ముందు ప్రార్థన ఇంకా కాలేదు. మా ఇంట్లో అది ఆయన పని. ఎంత జ్వరంలో ఉన్నా ఆయనే చేస్తారు. నేను ప్రార్థన చేసింది ఆడవాళ్ల కూటాల్లో, పురిటి గదుల్లో, మంచాల పక్కన. అక్కడికి మగవాళ్లు రారు. ఆయన ఉన్నచోట నేను కళ్లు మూసుకుని ఆమెన్ అనేదాన్ని, అంతే.

"నువ్వు చెయ్యి" అన్నారు.

"నేనా?"

"నా వల్ల కావడం లేదు."

కళ్లు మూసుకున్నాను. దీవిలో ఆడవాళ్లతో కూర్చున్నప్పుడు ఎలా మాట్లాడేదాన్నో అలాగే వచ్చింది. "తండ్రీ, ఈ అన్నానికి వందనాలు. ఈయన్ని చూడు. ఎంత ఆశపడ్డారో నీకు తెలుసు. మనసు విరిగి కూర్చున్నారు, ఓదార్చు. నాకు దారి తెలియడం లేదు నాయనా. నాకు వెళ్లాలని ఉంది. ఈ మాట ఇప్పటిదాకా నాకే తెలియదు. ఈయన్ని వదిలి వెళ్లాలని లేదు. తీసుకెళ్లి అక్కడ వెనక బెంచీలో కూర్చోబెట్టి చూడాలనీ లేదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. జ్వరంతో ఉన్న ఆ తల్లిని ముట్టి బాగుచెయ్యి. వానలో నిలబడ్డ ఆ పిల్లవాణ్ని కాయి." ఇంకా ఏమేమో అన్నాను. ఎక్కడ ఆపాలో తెలియక ఆపేశాను.

ఆమెన్ వినపడలేదు. కళ్లు తెరిచాను. ఆయన అప్పటికే కళ్లు తెరిచి నన్నే చూస్తున్నారు. ఎప్పటినుంచి చూస్తున్నారో తెలియదు.

"నువ్వు ఇలా ప్రార్థన చేస్తావా?" అన్నారు.

"ఎప్పుడూ ఇలాగే."

"వాళ్లందరికీ తెలుసన్నమాట. నాకే తెలియదు." పప్పు గిన్నె నా వైపు జరిపి, "నేను వస్తే నీకు ఇబ్బందా?" అని అడిగారు.

ఎంతో పెద్ద గొంతున్న మనిషి. ఆ ప్రశ్న మాత్రం, కొత్త ఇంటి గుమ్మంలో నిలబడి లోపలికి రావచ్చా అని అడిగినట్టు అడిగారు. నాకు ఏడుపొచ్చింది. సంతోషం కూడా వచ్చింది, దానికి సిగ్గేసింది.

"రండి" అన్నాను.

ఆయన చిన్నగా ఆమెన్ అని, అన్నం కలుపుకోవడం మొదలుపెట్టారు.