మళ్లీ అదే వాక్యం

ఈ ఉదయం ఐదూ నలభైకి నంద్యాలలో మా వంటింట్లో పచ్చడికని శనక్కాయలు ఒలుస్తున్నాను. ఆ పొట్టు వాసనకు అమ్మ గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు మేం ఆళ్లగడ్డలో ఉండేవాళ్లం. అమ్మకు చదువు రాదు. పొద్దున్నే విత్తనానికి కాయలు ఒలుస్తూ నాచేత బైబిలు చదివించుకునేది. మా తమ్ముడు జ్వరంతో చనిపోయిన ఏడాది అమ్మ, దేవుడు కన్నీళ్లు తుడుస్తాడనే వాక్యం దగ్గరే ఆగిపోయింది. రోజూ దాన్నే చదవమనేది. పని చేసినంతసేపూ పెదవులు కదుపుతూ అనుకునేది దాన్నేనని అప్పుడు నాకు తెలీదు. సండే స్కూల్లో నా తోటివాళ్లు బైబిల్లో చాలా ముందుకు పోయారు. అమ్మకు మతిమరుపు పట్టిందనుకున్నాను.

"నిన్న చదివిందే కదమ్మా! అప్పుడే మర్చిపోతివా?"

"మర్చిపోలేదు లేవే, పెద్ద టీచరమ్మా," అంది. చేతిలోని కాయను ఒలవకుండా కాసేపు అట్లే పట్టుకుంది. "నమ్మాలనే చూస్తాండా. ఇంగా నావల్ల కాలే. మళ్లీ చదువు."

చదివాను.

చివరికి అమ్మకు నమ్మకం కుదిరిందో లేదో నేనెప్పుడూ అడగలేదు. వాక్యాన్ని ధ్యానించడం గురించి తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను. చూసింది మాత్రం అమ్మ దగ్గరే. ఇప్పుడు మేం రోజుకో అధ్యాయం చదువుతాం. చదివిన వాక్యాన్ని మరునాడు మా ఇంట్లో ఎవరూ మళ్లీ చదవరు.