నలభై ఎనిమిదేళ్ల బాలింత

మా ఆవిడకు రొమ్ము క్యాన్సరని తెలిసిన రోజున బంధువులంతా మా ఇంటికొచ్చి ఏడ్చారు. విశాఖపట్నంలో ఆపరేషన్ చేయించి, మందులెక్కించి, రేడియేషన్ కరెంటు పెట్టించి, ఆమెను ప్రాణాలతో కొత్తపేట తీసుకొచ్చాక ఆ బంధువులే ఆమెను మంచానికి కట్టేసే పనికి పూనుకున్నారు. తొంభైల చివరి మాట ఇది.

పెత్తనం మా వదినది. అన్నయ్య ఇల్లు మా గోడకు అవతలే. వదిన తన జీవితంలో చూసిన ఆపరేషన్లన్నీ కాన్పు ఆపరేషన్లే కాబట్టి, మనిషికి ఎక్కడ కత్తి పెట్టినా ఆవిడ దృష్టిలో బాలింతే.

"కోత కోతే కదండీ మరిదిగారూ! పచ్చి ఒళ్లు. గాలి తగిలిందంటే ఇంకేవన్నా ఉందా?"

అంతటితో శాస్త్రం ముగిసింది. చెవుల్లో దూది, తలకు తువ్వాలు, కంచంలో వెల్లుల్లి కారం, మూసిన కిటికీలు. మా అమ్మాయి కాలేజీలో చదువుతోంది, వాళ్లమ్మ ఇంట్లో బాలింత! పలకరించడానికి వచ్చినవాళ్లు ఊరికే పోతారా? మంచం పక్కన కూర్చుని, ఇదే జబ్బుతో పోయిన తమ పిన్నిగారి కథో, తోటికోడలి కథో ఆఖరి ఘడియ వరకూ చెప్పి, కాఫీ తాగి, "నువ్వు మాత్రం ధైర్యంగా ఉండమ్మా" అని లేచేవారు. మా వాళ్ల పరామర్శంటే అదే.

ఆమె కోరిక ఒక్కటే. కాలువ లాకు దగ్గరున్న ప్రాథమిక పాఠశాలలో ఆమె టీచరు. జూన్‌లో బడి తెరిచేసరికి వెళ్లి, నిలబడి పాఠం చెప్పాలి. బంధువులేమో ఉద్యోగం మానిపించెయ్యమని అప్పటికే నా చెవిలో ఊదుతున్నారు. మానేసే మనిషి కాదు. కానీ పళ్లు తోముకుని వచ్చేసరికే మళ్లీ పడుకోవాల్సి వచ్చేది. "ఇది నిద్రపోతే తీరే అలసట కాదండీ. పడుకున్నకొద్దీ పెరుగుతోంది" అంది ఒకనాడు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. నేనూ పట్టించుకోలేదు.

నేనేం చేస్తున్నానంటారా? అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లతో వాదిస్తున్నాను. అమలాపురంలోనూ రాజోలులోనూ హేతువాద సభల్లో పండితుల నోళ్లు మూయించినవాణ్ణి. పూర్వజన్మ కర్మవల్లే జబ్బులొస్తాయన్న ఒక రిటైర్డు గుమస్తాను ఊరికే వదులుతానా? గంటసేపు దులిపేశాను. ఆయన చెప్పులు వేసుకుని వెళ్లిపోయాక, లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది.

"ఏవండీ, మీరు గెలిచేరు. కాస్త ఆ తలుపేస్తారా? తల పగిలిపోతంది."

పరీక్షలకు మళ్లీ విశాఖ వెళ్లినప్పుడు, ఆసుపత్రి మెట్లు నాలుగెక్కి ఆమె గోడ పట్టుకుంది. డాక్టరమ్మ అన్నీ చూసి, "జబ్బు అదుపులోనే ఉంది. ఈవిణ్ణి మంచంలో ఎవరు పడేశారు?" అని నా వంక చూసింది. ఈ అలసటకు నడకే మందని చెప్పింది. పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, ఓపికను బట్టి కొంచెం కొంచెంగా పెంచాలి. జ్వరమొస్తే మానెయ్యాలి. పక్కన ఒక మనిషి ఉండాలి.

ఆ చివరి మాట తప్ప మిగతావన్నీ నేను బాగా విన్నాను. ఊరికొచ్చి, డాక్టరమ్మ ఇచ్చిన ఆయుధంతో వదినను ఓడించాను. "మీ ఇష్టం నాయనా, మీ పెళ్లాం, మీ శాస్త్రం" అని ఆవిడ విసురుగా వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మా ఆవిడతో కాలువ గట్టెక్కాను.

మా కోనసీమలో మొగుడూ పెళ్లాం పక్కపక్కన నడవరు. మొగుడు నాలుగడుగులు ముందు, పెళ్లాం వెనక. పెళ్లికైనా, సినిమాకైనా, ఆసుపత్రికైనా అంతే. స్త్రీపురుష సమానత్వం మీద ఇరవై ఏళ్లు ఉపన్యాసాలిచ్చిన నా కాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. మూఢనమ్మకాల మీద నాకు తోచిందంతా చెప్పుకుంటూ, ముందు నేను నడిచాను. వెనక నుంచి ఊఁ అనే మాట కూడా లేకపోతే శ్రద్ధగా వింటోందనుకున్నాను. వంతెన దగ్గర వెనుదిరిగి చూస్తే గట్టు ఖాళీ.

పరుగెత్తాను. దూరాన, తూము దిమ్మ మీద కూలబడి ఉంది. మొహం పాలిపోయింది. గడ్డి మోపుతో వెళ్తున్న ఒకామె ఆగి, కొంగుతో విసురుతోంది. నన్ను చూసి, "పిలుద్దారంటే ఈవిడకి గొంతు రాలేదండి. మీరేవో ఎవరితోనో పోట్లాడుకుంటా ఎల్లిపోతన్నారు. ఎవురూ కనపడ్లేదు మరి!" అంది.

మా ఆవిడ చాలాసేపటికి ఊపిరి కూడదీసుకుంది.

"వాదించకండి. నా పక్కన నడవండి, చాలు."

ఆ పూట ఇంటికి చేరడానికి అరగంట పట్టింది. వదిన వీధిలోనే నిలబడి ఉంది. ఇప్పుడు నన్ను ఉతికి ఆరేస్తుందనుకున్నాను. ఆవిడ నా మొహమైనా చూడలేదు. సాయంత్రం మేం బయల్దేరుతుంటే గొడుగూ, చిన్న పీటా పట్టుకుని వచ్చింది.

"మజ్జిలో కూలబడితే మీరెత్తుకొస్తారేంటి? పీటేస్తే కూచుంటాది. పద చెల్లాయ్. ఆగాగు, ముందు చెవుల్లో దూది పెట్టుకో."

దూది మీద నేను నోరు తెరిచాను. మా ఆవిడ చూసిన చూపుకు మూసుకున్నాను.

అలా ముగ్గురం నడిచాం. మొదట తూము దాకా, తర్వాత కొబ్బరి దింపుల కొట్టు దాకా, ఆనక వంతెన దాకా. కొన్నాళ్లు వెనక్కి తగ్గేది. వీధి మలుపు దాకా వెళ్లి తిరిగొచ్చేవాళ్లం. గట్టు మీద పెద్దమనుషులకు పొద్దుపోయేది.

"ఏంటండోయ్ మాస్టారూ, ఆడంగుల మజ్జిన పీట మోస్తన్నారా? పెళ్లిపీటలా?"

ఈ ఎకసెక్కాలకు నా దగ్గర తిరుగులేని జవాబులుండేవి. ఒక్కటీ వాడలేదు. మాట్లాడితే అడుగు వేగం పెరుగుతుంది నాకు.

జూన్‌లో బడి తెరిచిన రోజున లాకు దాకా నడిచే వెళ్లాం. దారిలో రెండుసార్లు పీట వేశాం. గేటు దగ్గర ఆమె తువ్వాలు తీసి వదిన చేతికిచ్చింది. తల మీద జుట్టు అంగుళం మేర మొలిచింది. పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. నేను కూడా లోపలికి అడుగుపెట్టబోయాను.

"మీరెందుకండీ? వెళ్లండి. పీట అక్కడ పెట్టి వెళ్లండి."

పీటను తరగతి గుమ్మం పక్కన పెట్టి, రోడ్డు మీద నిలబడ్డాను. మూడో ఎక్కం సగం దాకా ఆమె గొంతు నిలబడి ఉన్న మనిషి గొంతులా వినిపించింది. ఆగింది. పీట జరిపిన చప్పుడు. మళ్లీ అదే గొంతు, కొంచెం కింద నుంచి, మిగతా సగం చెప్పింది.

"చూసేరా మరిదిగారూ, వెల్లుల్లి కారం మహిమ!" అంది వదిన.

"ఆయ్, అంతే వదినా" అన్నాను.