బిళ్ళకు తాకించిన చీర

హుజూరాబాద్‌లో మా పక్కింటి ప్రమోదిని నవ్వినప్పుడల్లా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె పుట్టిన ఊళ్ళో బావి నీళ్ళు మంచివి కావు. అవి తాగి పెరిగినవాళ్ళందరి పళ్ళూ గార పట్టినట్టు గోధుమరంగులో ఉంటాయి. అక్క సరళాదేవి మాత్రం మంథనిలో అమ్మమ్మ దగ్గర గోదావరి నీళ్ళు తాగి పెరిగింది. తెల్లటి పళ్ళు. ముందు రెండింటి మధ్య బియ్యపుగింజ పట్టేంత సందు.

సరళాదేవి పెళ్ళయిన కొన్నేళ్ళకే జ్వరంతో పోయింది. బావ లక్ష్మీకాంతరావుకే ప్రమోదినిని ఇచ్చారు. పుస్తెలతోపాటు పోయిన సవతి పేరున చిన్న వెండి బిళ్ళ మెడలో కట్టారు. కొత్త చీర ఏదొచ్చినా ముందు ఆ బిళ్ళకు తాకించి, "అక్కా, నువ్వు కట్టినంకనే నేను" అని, ఆ తర్వాతే కట్టుకునేది.

తొంభై మూడులో అనుకుంటాను, కరీంనగర్‌లో ఒక డాక్టరు పళ్ళ మీద పింగాణీ పెచ్చులు అతికిస్తున్నాడని లక్ష్మీకాంతరావు విని వచ్చాడు.

"గార కనబడదట. ఇగ కొంగు అడ్డం పెట్టుకునుడు బంద్" అన్నాడు.

ప్రమోదిని సంబరంగా మా ఇంటికి వచ్చింది. "వదినా, మందిల నోరిప్పి నవ్వాలె. గదొక్కటే నా కోరిక."

డాక్టరు ముందు పళ్ళ పైపొర గీకి, అచ్చు తీశాడు. ఎట్లా ఉండాలని అడిగితే లక్ష్మీకాంతరావు జేబులోంచి ఏదో ఫొటో తీసి ఇచ్చాడట. నోరు మొద్దుబారి కుర్చీలో పడుకున్న ఆమెకు అది ఎవరిదో కనబడలేదు. పెచ్చులు అతికించాక చేతికిచ్చిన అద్దంలో కనబడింది. ముందు పళ్ళ మధ్య సందు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అత్తగారు లీలాబాయి అరుగు మీద కూర్చుని ఉంది. ఆమెకు చూపు మసక. నేనేదో అంటే ప్రమోదిని నవ్వింది. ముసలామె తలెత్తింది.

"సరళా! ఎప్పుడొచ్చినవ్ బిడ్డా?"

"నేను ప్రమోదినిని అత్తమ్మా."

"పరాచికాలు జెయ్యకు. గా పిల్ల నవ్వంగ ఎన్నడన్న చూసిన్నా?"

గుమ్మంలో నిలబడ్డ లక్ష్మీకాంతరావు తల్లిని సరిదిద్దలేదు. "ఇంకోపారి నవ్వు" అన్నాడు మెల్లగా.

ఆ తర్వాత ప్రమోదిని నవ్వడం మానేసింది. ఒకరోజు పెరట్లో నా చెయ్యి పట్టుకుంది. "నిద్రల నవ్వుతున్ననట వదినా. ఆయన లేసి కూసోని చూస్తుండు."

నన్ను తోడు తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళింది. "ఇవి మా అక్క పండ్లు సారూ. తీసేసి నా గార పండ్లే నాకియ్యుండ్రి."

"గీకిన పన్ను మళ్ళ రాదమ్మా. పెచ్చు తీస్తే కింద మొండిపన్నే ఉంటది."

బస్సులో దారి పొడుగునా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే కూర్చుంది.

దసరాకు లక్ష్మీకాంతరావు ఆకుపచ్చ చీర తెచ్చాడు. కుచ్చిళ్ళు సర్దడానికి నన్ను పిలిచింది. అలవాటుగా చీర అంచును బిళ్ళ దాకా తెచ్చి, ఆగింది. కాసేపు అట్లాగే పట్టుకుని, అంచును పైకెత్తి, పెదాలు విప్పి ముందు పళ్ళకు తాకించింది. ఎప్పుడూ అనే మాట అనలేదు.

"సరళా!" అని అరుగు మీదినుంచి పిలిచింది లీలాబాయి.

"వస్తున్న అత్తమ్మా" అంది ప్రమోదిని.