నా వేన్నీళ్లు తాగిన కారు

ఇవాళ బకెట్లో వేన్నీళ్ల ఆవిరి చూడగానే మళ్లీ కడుపు మండింది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల నేస్తాల్లారా, అరవైల్లో మన బొగ్గుల పొయ్యిల మీద కాగిన స్నానాల నీళ్లు గుర్తున్నాయా? చలికాలం ఆదివారాల్లో నా నీళ్లు మాత్రం నాన్న పాత కారు రేడియేటర్లోకి పోయేవి. వర్క్‌షాపు స్నేహితులిద్దరు బానెట్ ఎత్తి పట్టుకునేవాళ్లు. ఇంజను అందుకోగానే ముగ్గురూ ఖరిదా బజారు దాకా షికారు పోయేవాళ్లు.

"నా నీళ్లు దానికెందుకు నాన్నా?" అని ఓసారి ఏడ్చాను.

"దానికి సలేస్తే కదల్దమ్మా. నువ్వు సన్నీళ్లు పోసుకున్నా గెంతుతావు," అన్నాడు. స్నేహితులు నవ్వారు.

మరీ వేడైతే ఇంజను పగులుతుందని, వేలు ముంచి చూసి మరీ పోసేవాడు.

నా బకెట్లో ఆ వేలు ఒక్కనాడూ మునగలేదు.