రుచి చూడని షాంపేన్

ఏడేళ్లుగా ఒక భయాన్ని మోస్తున్నాను. ఓనరు పిలిస్తే ఉలిక్కిపడతాను. పాపకు ఒళ్లు వెచ్చబడితే రాత్రంతా మేలుకునే ఉంటాను. ఎందుకో ఇంట్లో ఎవరికీ తెలియదు. మీరు నన్నెరుగరు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నాను.

పలమనేరు దగ్గర ఒక రిసార్టులో పని నాది. కొత్తగా వచ్చిన మద్యం రుచి చూసి, అతిథులకు పోయొచ్చో లేదో చెప్పాలి. పాపకు ఆరేళ్లప్పుడు జబ్బుచేసి తిరుపతి ఆసుపత్రిలో రోజుల తరబడి కళ్లు తెరవలేదు. కొండకు నడిచి వెళ్లి మొక్కుకున్నాను, బిడ్డ బతికితే చుక్క మద్యం నాలుకకు తగలనివ్వనని. పాప కళ్లు తెరిచింది. మరి ఉద్యోగం? మానేస్తే మందులెలా? మానలేదు. గ్లాసు మూతి దాకా తెచ్చి, ఎవరూ చూడకుండా సింకులో పారబోసి, సీసాతో వచ్చిన కాగితంలో ఉన్నదే నా మాటల్లో చెప్పేవాణ్ణి. సిగ్గులేకుండా, నేర్పుగా కూడా చెప్పేవాణ్ణి.

ఏడేళ్ల కిందట ఒక వేసవిలో ఓనరు తన పెళ్లిరోజు విందుకు ఫ్రాన్సు నుంచి షాంపేన్ తెప్పించారు. పెద్ద కంపెనీది కాదు. సొంత తోటలో ద్రాక్ష పండించి, తామే తయారు చేసుకునే చిన్న రైతు కుటుంబానిది. ఒకే ఏడాది కోసిన పండ్లతో చేసి, ఏళ్లపాటు నేలమాళిగలో దాచిన సరుకు. తేనె, వేయించిన బాదం వాసనలు వస్తాయని ఆ ఇంటి పెద్దాయన చేత్తో రాసిన కాగితం కూడా ఉంది.

విందుకు ముందురోజు మధ్యాహ్నం ఒక సీసా తెరిచి, గ్లాసులో పోసి, బాగుందని పుస్తకంలో రాసేశాను. స్టోరు చూసుకునే మునిరత్నమన్న ఒక్కడే పక్కన ఉన్నాడు. నాకంటే చాలా పెద్దవాడు.

"బాగుండాదని రాసేసినావే. నోట్లో పోసుకున్నావా అప్పా?" అన్నాడు.

ఆయనకు మొక్కు సంగతి చెప్పేశాను. ఆయన గ్లాసు అందుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు.

"ఇది సెడిపోయినాది. దావలో యాడో ఎండకు మగ్గినట్టుండాది. వద్దని సెప్పు."

"చెప్తే ఓనరు నన్ను తన ఎదురుగానే తాగి చూపించమంటాడన్నా."

"నీ మొక్కు సంగతి నేనెవురికీ సెప్పను. ఇది మాత్రం పొయ్యొద్దప్పా."

పోశాను. అతిథులు ఒక్క గుక్కకే గ్లాసులు దించేశారు. బాగుందని నువ్వే కదా అన్నావు, అని ఓనరు నిలదీశారు. నిన్న బాగుంది సార్, స్టోరులో ఫ్రిజ్ ఆగిపోయినట్టుంది, మునిరత్నం చూసుకోలేదు అనేశాను. ఓనరుకు ఈ సరుకు గురించి అంతగా తెలియదు. నమ్మారు.

మునిరత్నమన్న అక్కడే ఉన్నాడు. ఒక్క మాట చాలు, నా బండారం బయటపడటానికి. నా వైపు చూసి తల దించుకున్నాడు. ఆయన్ని మర్నాటి నుంచి పనిలోకి రావద్దన్నారు. ఇప్పుడు ఆ వయసులో పాల కేంద్రం దగ్గర క్యాన్లు మోస్తున్నాడు. బస్సు అటుగా వెళ్తే నేను మొహం ఇటు తిప్పుకుంటాను.

చుక్క ముట్టలేదు కాబట్టి మొక్కు నిలిచినట్టేనా? నాకు ఇచ్చిన మాట కోసం నోరు విప్పని మనిషి పొట్ట కొట్టి, నేను నిలబెట్టుకున్న ఈ మొక్కును ఆ స్వామి ఒప్పుకుంటాడా, లేక పాపను అడ్డం పెట్టుకుని చేసిన పాపానికి పాప మీదే కోపం తీర్చుకుంటాడా? అడగడానికి కూడా భయం. కొండకు పోయి ఏడేళ్లయింది.

పొద్దున పాప తుమ్మింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. "ఏం ల్యా నాయనా, ఊరికే" అని నవ్వింది. ఇంకోసారి చెయ్యి పెట్టి చూశాను.

నేనింకా అదే ఉద్యోగంలో ఉన్నాను. ఇంకా పారబోస్తూనే ఉన్నాను. మునిరత్నమన్న ఎదుట నిలబడే ధైర్యం ఇప్పటికీ లేదు. ఒక్క ముక్క మాత్రం ఇవాళ రాయగలిగాను, రాశాక కొంచెం ఊపిరాడుతోంది.

ఆ రోజు స్టోరులో ఫ్రిజ్ ఆగలేదు.