పోయొస్త

ఖమ్మంలో నేను పనిచేసే పెద్ద హోటల్లో అతిథులు గది కార్డును బల్లమీద పడేసి, పలకరింపైనా లేకుండా వెళ్లిపోతారు. ఆ కార్డు ‘టక్’మన్నప్పుడల్లా నా నోరు ఊరుకోదు. “పోయొస్తా అనండి సార్” అంటాను. దీనికి ఇప్పటికే రెండుసార్లు చీవాట్లు తిన్నాను. అంతా ఆ రాజమ్మ వల్లే!

మణుగూరు దాటాక అడవి అంచున ఆమెకు నాలుగు గదుల రిసార్ట్ ఉండేది. నేను మేనేజర్ని. టీవీ లేదు, ఈతకొలను లేదు, సిగ్నల్ కావాలంటే రోడ్డెక్కాలి. మట్టిగోడలు, అరుగు, రాజమ్మ వండే పప్పుచారు, అంతే. దీనికోసం హైదరాబాదు నుంచి ఎందుకొస్తారో నాకు అంతుబట్టేది కాదు. పైగా ఆమెకో పిచ్చి. వెళ్లేవాళ్లు “పోతున్నాం” అంటే గేటు తీసేది కాదు. “పోతున్నం అంటరా ఎవరన్న? పోయొస్తం అనుండ్రి” అని వెనక్కి పిలిచి, అరుగుమీద కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ బయల్దేరదీసేది. రైలు తప్పినా సరే!

గదులు నిండక మూసేసే పరిస్థితి వచ్చింది. నా నౌకరీ కూడా దాంతోనే పోతుంది. ఎలాగో బతిమాలి ఒక టూర్ల కంపెనీ యజమానిని రప్పించాను. ఆయన ఒప్పుకుంటే ఏడాదంతా అతిథులే. రెండు రోజులు హాయిగా ఉన్నాడు, చారు అడిగి మరీ పోయించుకున్నాడు. తీరా బయల్దేరుతూ, “సరే, పోతున్నా” అన్నాడు. రాజమ్మ అప్పటికే కారుకు అడ్డం నిలబడింది.

“హైదరాబాద్‌లో ఫ్లైటుందమ్మా!”

“ఉండనీ సారూ. ఒక్క మాటకు ఎంత సేపు పడ్తది?”

ఆయన దిగి గేటు తానే తెరిచి, ఆమె పక్కకు తప్పుకునేదాకా హారన్ మోగించి వెళ్లిపోయాడు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు.

నాకు తిక్క రేగింది. “నీ మాటే నెగ్గిచ్చుకో అమ్మా! నేను పోతున్న” అన్నాను, కావాలనే.

“గట్లనకు బిడ్డా. కోపముంటే కోపంగనే అను, గాని పోయొస్త అను.”

అనలేదు. బండి తీశాను. అద్దంలో చూస్తే ఆమె గేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

చలికాలంలో ఆమె చనిపోయిందని కబురొచ్చింది. వెళ్లేసరికి అరుగునిండా జనం. ఒక్కసారి బసచేసినవాళ్లు కూడా వచ్చారు. “వస్తనని చెప్పి పోయిన కద” అన్నాడొకాయన. నాకు ఏడుపాగలేదు. నేను మాత్రం చెప్పి పోలేదు.

తిరిగి బయల్దేరేటప్పుడు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చావింట్లో ఆ మాట అనకూడదు, చెప్పకుండా లేచి రావాలి. చూశారా, చివరికి కూడా నన్ను ఎలా ఇరికించిందో! గేటు దగ్గర ఆగి, ఇంటివైపు తిరిగి, “పోయొస్త అమ్మా” అన్నాను.

ఆమె కూతురు ఉలిక్కిపడింది. “అయ్యో, ఇయ్యాల గట్లనొద్దు!”

“అనకపోతే మీ అమ్మ గేటు తియ్యదు” అన్నాను.