పాత హార్డ్ డిస్క్‌లో ఉండిపోయిన గొంతు

2019 జూన్ నెల. రోహిణీ కార్తె దాటినా బెజవాడలో ఎండ తగ్గలేదు. గవర్నరుపేటలో ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో నా కంప్యూటర్ సర్వీసు షాపు. ఒకరోజు పొద్దున్నే ఆటో డ్రైవరు ఒకతను పాత సీపీయూ మోసుకొచ్చి టేబుల్ మీద పెట్టాడు. అతని వెనకే తెల్ల కర్రతో మెట్లెక్కి వచ్చారు కృపావరం గారు.

నలభై అయిదేళ్లుంటాయి ఆయనకి. పుట్టుకతోనే చూపు లేదు. ఇల్లు కంకిపాడులో, ఉద్యోగం బెజవాడలో ఒక కాలేజీలో టెలిఫోన్ ఆపరేటరుగా. ఆదివారాలు వాళ్ల చర్చిలో కీబోర్డు వాయిస్తారు. కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగేలోపే ఇవన్నీ చెప్పేశారు.

“సిస్టమ్ బాగా పాతబడిపోయింది మేడమ్. ఏ వెబ్‌సైటూ తెరుచుకోవట్లేదు. కొత్త ఓఎస్ వేసేయండి.”

ఓఎస్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్, కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్. డిస్క్‌లో అది ఉండే భాగాన్ని పూర్తిగా తుడిచేసి, మొదటినుంచీ కొత్తగా వేయడాన్ని క్లీన్ ఇన్‌స్టలేషన్ అంటాం. అంత పాత సిస్టమ్‌కి అదొక్కటే దారి. ఏమేం దాచాలో అడిగాను.

“నా మెయిల్స్ అండి. అన్నీ డీ డ్రైవ్‌లో ఉన్నాయి. సీ డ్రైవ్‌లో నావేం లేవు, తుడిచేయండి.”

మెయిల్స్ ఫోల్డర్ ముందుగా నా దగ్గర కాపీ చేసుకున్నాను. ఓఎస్ ఉండే సీ డ్రైవ్ ఫార్మాట్ చేసి ఇన్‌స్టలేషన్ మొదలుపెట్టాను. ఫైళ్లు ఎక్కుతూ ఎక్కుతూ సగంలో ఆగిపోయి, డిస్క్ మీద రాయలేకపోతున్నానని ఎర్రర్ చూపించింది. ఇలాంటప్పుడు వెంటనే డిస్క్‌ని అనుమానించం. పెన్‌డ్రైవ్ మార్చాను, ర్యామ్ మార్చాను, కేబుల్ మార్చాను. అయినా అక్కడికొచ్చేసరికి ఆగిపోతోంది. అప్పుడు డిస్క్ ఆరోగ్యం చెప్పే రిపోర్టు తీస్తే నిండా బ్యాడ్ సెక్టార్లే.

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లెం ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి సమాచారం రాస్తారు. ఒక్కో గడి ఒక్కో సెక్టార్. ఏ గడి చదవడానికి రాకుండా పోతే అది బ్యాడ్ సెక్టార్. వాటిని రిపేర్ చేసే ప్రోగ్రాములున్నాయి. కానీ అవి చేసేదల్లా పాడైన గడికి గుర్తుపెట్టి పక్కకి తప్పుకోవడమే. ఎర్రర్ పోతుంది, ఆ గడిలో ఉన్నదీ పోతుంది. అందుకే నేను రిపేర్ జోలికి వెళ్లలేదు. ఆయనకి ఫోన్ చేసి చెప్పి, కొత్త డిస్క్ బిగించి, దాంట్లో ఓఎస్ వేశాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. డీ డ్రైవ్‌లో ఉన్నవి కూడా దాంట్లోకి ఎక్కించాను. రెండు మూడు ఫైళ్లు మాత్రం చదవడానికి రాలేదు. చూస్తే ఏవో పాత సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్లు. అవెక్కడైనా దొరుకుతాయి కదా అని వదిలేశాను.

మర్నాడు కృపావరం గారు వచ్చారు. చూపులేనివాళ్లు కంప్యూటర్ వాడాలంటే స్క్రీన్ రీడర్ కావాలి. తెర మీదున్న అక్షరాలన్నీ పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. కొత్త వెర్షన్ వేసి సిద్ధంగా పెట్టాను. ఆయన కీబోర్డు తడిమి ఒక మీట నొక్కారు. స్పీకర్లో ఆడగొంతు స్పష్టంగా, మన ఇంగ్లీషు ఉచ్చారణతో పలికింది.

ఆయన చెయ్యి తీసేశారు.

“ఈవిడెవరండీ?”

“కొత్త గొంతండీ. పాతదానికన్నా చాలా బాగుంటుంది. మన పేర్లు కూడా సరిగ్గా పలుకుతుంది.”

ఆయన మెయిల్స్‌లోకి వెళ్లి ఒకటి తెరిచారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు ఉత్తరం. “కృపావరం గారూ, బాగున్నారా? ఇక్కడ వానలు మొదలయ్యాయి” అని కొత్త గొంతు చక్కగా చదువుతుంటే రెండు వాక్యాలు విని మూసేశారు.

“పాత గొంతు స్క్రీన్ రీడర్‌తోనే వస్తుందనుకున్నానండి. అది లేదా ఇంక?”

లేదని చెప్పాల్సి వచ్చింది. అది విడిగా వేసుకునే వాయిస్. సీ డ్రైవ్‌తో పాటే పోయింది. ఆయన కీబోర్డు పక్కకి జరిపారు. తరవాత, నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టారు.

కుర్రతనంలో హైదరాబాద్‌లో కంప్యూటర్ ట్రైనింగ్‌కి వెళ్లారట. పక్క సిస్టమ్ విమల అనే ఆవిడది. ఆవిడకీ చూపు లేదు. ట్రైనింగ్ అయ్యాక ఆవిడకి వైజాగ్‌లో ఉద్యోగం వచ్చింది. అప్పటినుంచీ కొన్నేళ్ల పాటు ఇద్దరూ మెయిల్స్ రాసుకున్నారు. ఆఫీసు సంగతులు, చర్చిలో నేర్చుకున్న పాటలు, వండిన కూరలు. ఈయన మనసులో ఉన్నది ఏనాడూ రాయలేదు. ఆవిడకి పెళ్లి కుదిరింది. మెయిల్స్ తగ్గి, తగ్గి, ఆగిపోయాయి. ఈయన పెళ్లి చేసుకోలేదు.

“ఆ గొంతు అమెరికా దొరసాని తెలుగు చదివినట్టుండేది మేడమ్. నా పేరు ‘క్రుపవరమ్’ అనేది. మొదట్లో నవ్వొచ్చేది. రోజూ వినీ వినీ నాకు విమల గారంటే ఆ గొంతే అయిపోయింది.”

“ఆవిడ అసలు గొంతు గుర్తులేదా మీకు?”

“మొన్న క్రిస్మస్‌కి ఫోన్ చేశారండి. హలో అనగానే ‘ఎవరండీ?’ అన్నాను. గుర్తుపట్టలేకపోయాను. మనుషుల్ని గొంతుని బట్టి గుర్తుపట్టడమే కదండీ నా ఉద్యోగం. ఆవిడ బాధపడ్డారో ఏమో, రెండు మాటలు మాట్లాడి పెట్టేశారు.”

ఆ వాయిస్ సెటప్ ఎక్కడైనా దొరుకుతుందేమోనని నెట్‌లో వెతికాను. తయారుచేసినవాళ్లు దాన్ని ఎప్పుడో ఆపేశారు. ట్రైనింగ్‌లో ఏదైనా సీడీ ఇచ్చారా, అది ఉందా అని అడిగాను. ఎప్పుడో విరిగిపోయిందట. అందులో స్క్రీన్ రీడరూ ఆ గొంతూ రెండూ ఉండేవట, అది విరగకముందే డీ డ్రైవ్‌లో కాపీ చేసి పెట్టుకున్నానన్నారు. ఫైలు పేరు చెప్పగానే నాకు వెలిగింది. చదవడానికి రాలేదని నేను వదిలేసినవాటిలో అదొకటి.

“మీ బ్యాచ్‌లో ఇంకెవరి దగ్గరైనా ఆ సీడీ ఉంటుందేమో కనుక్కోండి.”

“విమల గారి దగ్గర తప్పకుండా ఉంటుంది. ఆవిడ ఏదీ పారేయరు.”

“అయితే ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుందిగా!”

“ఎందుకని అడుగుతారు కదండీ,” అన్నారు మెల్లగా. “ఏమని చెప్పను?”

ఇక పాత డిస్కే దిక్కు. ఇమేజింగ్ అని ఒక పద్ధతి ఉంది. డిస్క్‌లో ఉన్నదంతా గడి గడికీ ఇంకో డిస్క్‌లోకి ఎత్తుకోవడం. ఆ ప్రోగ్రాం మొండికేసిన గళ్లని వదిలి ముందుకి పోతుంది. మిగతాదంతా తీసుకున్నాక వెనక్కొచ్చి వాటిని మళ్లీ మళ్లీ చదవబోతుంది, ముందునుంచి రాకపోతే వెనకనుంచి. డిస్క్ వేడెక్కితే ఆపి, చల్లారనిచ్చి మళ్లీ పెట్టేదాన్ని. ఫ్యాను దానికే తిప్పి పెట్టి చెమటలు కక్కుతూ మిగతా పనులు చేసుకున్నాను. రోజులు గడిచేకొద్దీ మిగిలిన గళ్లు తగ్గుతూ వచ్చాయి. చివర్లో కొద్ది గళ్లు మాత్రం ఎంతకీ లొంగలేదు. సెటప్ ఫైలులో ఒక్క గడి లోటున్నా మొత్తం పనికిరాదు. కృపావరం గారు మధ్యాహ్నం భోజనాల వేళ కాలేజీ నుంచి ఫోన్ చేసేవారు. “వచ్చిందా?” అని అడిగేవారు కాదు. “భోజనం చేశారా మేడమ్?” అనేవారు. “ఇంకా చూస్తున్నానండీ,” అనేదాన్ని.

ఒక సాయంత్రం వాన పడి గాలి చల్లబడింది. ఇంకొక్కసారి చూద్దామని పెట్టాను. ఆ గళ్లూ వచ్చేశాయి. వాన వల్లో, వెనకనుంచి చదవడం వల్లో, నాకిప్పటికీ తెలియదు. సెటప్ ఫైలు నొక్కితే తెరుచుకుంది.

కొత్త ఓఎస్‌కి ఆ పాత వాయిస్‌ని ఒప్పించడానికి ఇంకో పూట పట్టింది. కృపావరం గారు వచ్చి అదే ఉత్తరం తెరిచారు. “క్రుపవరమ్ గరు, బగున్నర?” అంది స్పీకరు. ఆయన ముఖం చూసి, టీ చెప్పొస్తానని బయటికి వచ్చేశాను. వరండాలో నిలబడితే లోపల్నుంచి ఆ మరగొంతు వినిపిస్తూనే ఉంది. ఏ వాక్యం దగ్గరా తడబడకుండా, ఏ అర్థమూ తెలియకుండా, వైజాగ్ వానల గురించీ చింతచిగురు పప్పు గురించీ చదువుకుంటూ పోతోంది. టీ తెచ్చిన మనిషిని కూడా కాసేపు బయటే ఆపాను.

కొత్త గొంతు తీసేయమంటారేమో అనుకున్నాను. తీయొద్దన్నారు. ఆఫీసు పనికి అదే బాగుంటుందట. ఏ మీటలు నొక్కితే ఏ గొంతు వస్తుందో నేర్పించాను. ఒక్కసారి చెప్పగానే పట్టేశారు.

ఈ కేసు తరవాత నా పని పద్ధతి మారింది. నీరసపడ్డ డిస్క్ ఏది వచ్చినా ముందు మొత్తం ఇమేజ్ తీసి పెట్టుకుంటాను, ఆ తరవాతే ఫార్మాట్. ఫొటోలూ డాక్యుమెంట్లూ విలువైనవనీ, సెటప్ ఫైళ్లు ఎక్కడైనా దొరుకుతాయనీ నాకు నేనే తేల్చుకోవడం మానేశాను. పనికిరాని ఫైలేదో చెప్పగలిగింది దాని సొంతదారు ఒక్కరే. ఒక్కోసారి అది పోయేదాకా వాళ్లకీ తెలియదు.

ఆ ఏడాది చలికాలంలో ఇయర్‌ఫోన్స్ కొనడానికి కృపావరం గారు మళ్లీ వచ్చారు. క్రిస్మస్ పాటల ప్రాక్టీసు జరుగుతోందని హుషారుగా ఉన్నారు. అడగొచ్చో లేదో అనుకుంటూనే అడిగేశాను.

“ఇప్పుడు విమల గారి దగ్గర్నుంచి కొత్తగా మెయిల్ వస్తే, ఏ గొంతుతో వింటారండీ?”

ఆయన ఇయర్‌ఫోన్స్ వైరు నెమ్మదిగా చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

“ముందు రానివ్వండి మేడమ్.”